యూనిట్ – 12 : దొమెనికో మొదూన్యో – పాటను నటించిన గాయకుడు

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• 1950లలో ఇటలీ జనాదరణ పాట ఎలా ఉండేదో వివరించగలుగుతారు.
• దొమెనికో మొదూన్యో (1928–1994) సంగీత జీవితంలోని ప్రధాన దశలను గుర్తించగలుగుతారు.
• పాటను చదివి విలువ కట్టడానికీ, విని విలువ కట్టడానికీ ఉన్న తేడాను చర్చించగలుగుతారు.
• ఒక కళాకారుణ్ణి ఒకే ఒక్క పాటతో కొలవడం వల్ల వచ్చే పొరపాటును ఉదాహరణలతో చూపగలుగుతారు.

12.1 పరిచయం

కవితను విమర్శించేటప్పుడు మన ముందు అచ్చయిన పాఠం ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు, పదాల కింద గీతలు గీసుకోవచ్చు. పాట విషయంలో అలా కుదరదు. పాటలో మాట ఒక భాగం మాత్రమే. స్వరం, గొంతు, ఊపిరి, పాడే మనిషి ముఖం, చేతులు కూడా పాటలో భాగాలే. మాటలను మాత్రమే పట్టుకుని పాట మీద తీర్పు చెప్పేవారు నాటకాన్ని చూడకుండా సంభాషణలు చదివి నటుణ్ణి తూచినట్టే చేస్తారు.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో జనాదరణ సాహిత్యం గురించి పాఠం చెబుతూ, మొదూన్యో ప్రసిద్ధ గీతం మాటలను అనువదించి నల్లబల్ల మీద రాశాను. ‘ఇందులో ఏముంది? ఒకడు ఒళ్లంతా నీలం పూసుకుని ఎగిరినట్టు కలగన్నాడు, అంతే’ అని తేల్చేశాను. చాలా ఏళ్ల తరువాత ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం సంపర్క తరగతిలో అదే పాటను టేప్‌ మీద వినిపించాను. చూపు లేని ఒక విద్యార్థి పాట పూర్తిగా విని, ‘సార్, ఈయన నాటకాలు వేసే మనిషా?’ అని అడిగాడు. అతనికి ఇటాలియన్ భాష ఒక్క ముక్క రాదు. అయినా నేను కాగితం మీద చూడలేకపోయింది అతను గొంతులో పట్టుకున్నాడు. మొదూన్యో నిజంగానే నటనలో శిక్షణ పొందినవాడు. ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానమే ఈ యూనిట్.

12.2 ఆనాటి ఇటలీ పాట

రెండో ప్రపంచయుద్ధం తరువాత ఇటలీలో పాట ఇంటింటికీ చేరడానికి ప్రధాన సాధనం రేడియో. ప్రసారాలన్నీ ప్రభుత్వరంగ సంస్థ ‘రాయ్’ చేతిలో ఉండేవి. 1951లో సాన్‌రెమో పట్టణంలో పాటల పోటీ మొదలయింది. మొదటి ఏడాది బహుమతి నిల్లా పిజ్జి అనే గాయనికి దక్కింది. 1954లో ఇటలీలో టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. కొద్దికాలంలోనే ఆ పోటీ టీవీలోనూ కనిపించసాగింది.

ఆనాటి పాటలో మూడు లక్షణాలు ముఖ్యంగా గమనించాలి. మొదటిది, పాట రాసేవారు, స్వరపరిచేవారు, పాడేవారు వేర్వేరు. మన సినిమా పాటలో ఈ మూడు పనులూ ముగ్గురు చేయడం మీకు తెలిసిందే. సాన్‌రెమో పోటీ కూడా పాటల పోటీయే కాని గాయకుల పోటీ కాదు. ఒకే పాటను ఇద్దరు గాయకులు వేర్వేరుగా పాడేవారు. రెండోది, గాయకుడు కదలకుండా నిలబడి, చేయి గుండె దాకా తెచ్చి, గొంతులోని తీయదనం మీదే ఆధారపడి పాడేవాడు. మూడోది, పాటల వస్తువు చాలావరకు అమ్మ, పువ్వులు, పావురాలు, ప్రేమికుల ఎడబాటు వంటి వాటి చుట్టూ తిరిగేది. రేడియోలో నైతిక నియంత్రణ కూడా గట్టిగా ఉండేది.

ఈ వ్యవస్థ చెడ్డదని అనుకోనక్కరలేదు. మంచి గొంతులు, మంచి వాద్యబృందాలు అందులోనూ ఉన్నాయి. కాని పాట ఎవరిదో, ఎవరి అనుభవమో శ్రోతకు తెలిసేది కాదు. మొదూన్యో చేసిన మార్పు అర్థం కావాలంటే ఈ నేపథ్యం గుర్తుంచుకోవాలి.

12.3 నటుడు గాయకుడైన తీరు

మొదూన్యో 1928 జనవరి 9న దక్షిణ ఇటలీలోని పూల్యా ప్రాంతంలో, సముద్రం ఒడ్డున ఉన్న పొలిన్యానో ఆ మారే అనే ఊళ్లో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం అదే ప్రాంతంలోని సాన్ పియెత్రో వెర్నోతికోకు మారింది. అక్కడి మాండలికం పుట్టిన ఊరి మాండలికానికి భిన్నమైనది. వినడానికి సిసిలీ ద్వీపం భాషకు దగ్గరగా ఉంటుంది. ఈ చిన్న విషయం ఆయన జీవితాన్ని చాలా దూరం నడిపించింది.

సినిమా నటుడు కావాలన్న కోరికతో ఆయన రోమ్ చేరి, అక్కడి జాతీయ చలనచిత్ర శిక్షణ సంస్థలో నటన నేర్చుకున్నాడు. చిన్నచిన్న వేషాలు దొరికాయి. గిటారు పట్టుకుని ఊరి పాటలు పాడడం చూసి రేడియో వాళ్లు అవకాశమిచ్చారు. మాండలికం సిసిలీ భాషలా వినిపిస్తుంది కాబట్టి సిసిలీ గాయకుడిగానే శ్రోతలకు పరిచయమయ్యాడు. ఆయన ఆ వేషాన్ని కాదనలేదు. పొలిన్యానో ప్రజలకు మాత్రం తమ బిడ్డ తమను కాదన్నట్టు అనిపించింది. ఈ నొప్పి నలభై ఏళ్ల దాకా ఉంది.

ఈ దశలోని పాటల్లో ‘కత్తిచేప’ (1954) చూడదగినది. మెస్సీనా జలసంధి వైపు జాలర్లు ఈటెలతో కత్తిచేపలను వేటాడతారు. ఆడచేప దెబ్బతింటే మగచేప దాన్ని విడిచిపోక, తానూ చిక్కుతుందని ఒక నమ్మకం. మొదూన్యో పాట ఆ కథ చెబుతుంది. అందులో జాలర్ల కేకలున్నాయి, ఆడచేప మాటలున్నాయి, మగచేప సమాధానం ఉంది. ఒకే గొంతు ఈ మూడింటినీ పలుకుతుంది. ఇక్కడ గాయకుడు కథ చెప్పేవాడూ, కథలోని పాత్రలూ కూడా. తీయగా పాడడం అతని మొదటి పని కాదు. అవసరమైన చోట అరుస్తాడు, గొణుగుతాడు, ఆగిపోతాడు.

‘పాత కోటు’ అని అనువదించుకోదగిన పాట (1955) ఇంకో మెట్టు. అర్ధరాత్రి దాటాక ఖాళీ వీధుల్లో విందు దుస్తులు వేసుకున్న ఒక మనిషి నడుస్తూ వెళ్లిపోతాడు. తెల్లవారాక నది మీద ఆ దుస్తులు తేలుతుంటాయి. అంతకుముందు సంవత్సరం మరణించిన ఒక సిసిలీ ప్రభువంశీయుడి విషాదం దీనికి ప్రేరణ. గడిచిపోయిన ప్రేమ క్షణాన్ని తలచుకునే ఒక చరణాన్ని అభ్యంతరాల వల్ల పెళ్లి దుస్తుల ప్రస్తావనగా మార్చవలసి వచ్చింది. పాటలో చావు అన్న మాట గట్టిగా వినిపించదు. అడుగుల చప్పుడులాంటి లయ, ఈలపాట, తగ్గుతూ పోయే గొంతు ఆ పని చేస్తాయి. పువ్వులు, పావురాల పాటల మధ్య ఇది ఎంత కొత్తగా వినిపించి ఉంటుందో ఊహించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) మొదూన్యో సిసిలీ గాయకుడిగా ప్రచారం కావడానికి కారణమేమిటి?
ఆ) ‘కత్తిచేప’ పాటలో ఒకే గొంతు ఎన్ని పాత్రలను పలుకుతుంది?

12.4 1958: చేతులు చాచిన రాత్రి

1958 ఫిబ్రవరి 1న సాన్‌రెమో పోటీ చివరి రాత్రి. మొదూన్యో, ఫ్రాంకో మిల్యాచ్చి కలిసి రాసిన ‘నెల్ బ్లూ దిపింతో ది బ్లూ’ మొదటి బహుమతి గెలిచింది. ‘నీలం రంగు వేసిన నీలంలో’ అని దీని అర్థం. పల్లవిలోని మొదటి మాటను బట్టి లోకమంతా దీన్ని ‘వొలారే’ అని పిలుచుకుంది. ‘వొలారే’ అంటే ఎగరడం. పాటకు షగాల్ చిత్రాలు ప్రేరణ అని మిల్యాచ్చి చెప్పుకున్నాడు. అదే పాటను రెండో గాయకుడు జానీ దొరెల్లి కూడా పాడాడు.

ఇప్పుడు పాట నిర్మాణం గమనించండి. మొదలు దాదాపు మాట్లాడినట్టే ఉంటుంది. ఒక మనిషి తనకు వచ్చిన కల గురించి మనకు చెబుతున్నాడు. చేతులకూ ముఖానికీ నీలిరంగు పూసుకున్నానని, గాలి తనను ఎత్తుకుపోయిందని అంటాడు. మాట వేగం పెరుగుతుంది. ఉన్నట్టుండి పల్లవిలో గొంతు పూర్తిగా తెరుచుకుంటుంది. అచ్చులు సాగుతాయి. ఆ క్షణంలో మొదూన్యో రెండు చేతులూ బార్లా చాచాడు. కదలకుండా నిలబడి పాడే వేదిక మీద ఆ పని ఎవరూ ఊహించనిది. రెండో చరణంలో కల కరిగిపోతుంది. ఎగిరేవాడు నేలకు దిగి, ప్రియురాలి కళ్లలో అదే నీలాన్ని చూస్తాడు. పాట ఆకాశంలో మొదలై మనిషి ముఖం దగ్గర ముగుస్తుంది.

మాటలు మాత్రమే చదివితే ఇది మామూలు ప్రేమగీతం. నేను నల్లబల్ల మీద రాసింది అదే. కాని మాట్లాడే గొంతు ఎగిరే గొంతుగా మారే చోట జరిగేది మాటల్లో లేదు. ‘కత్తిచేప’లో మూడు పాత్రలు పలికిన నటుడే ఇక్కడ కలగనే మనిషిని నటించాడు. తేడా ఏమిటంటే ఈసారి భాష మాండలికం కాదు, దేశమంతటికీ తెలిసిన ఇటాలియన్. మాండలిక గీతాల్లో నేర్చుకున్న విద్యను ఆయన జాతీయ వేదిక మీదికి తెచ్చాడు. ఆయన పాత పాటలు వినకుండా ఈ పాటను ఒక అద్భుతంగా మాత్రమే చూసేవారికి ఈ సంబంధం తెలియదు.

ఫలితాలు చరిత్రలో నమోదయ్యాయి. ఆ ఏడాది నెదర్లాండ్స్‌లోని హిల్వర్సమ్‌లో జరిగిన యూరోవిజన్ పోటీలో పాటకు మూడో స్థానం వచ్చింది. ప్రసారంలో లోపం వల్ల ఆయన అదే రాత్రి పాటను రెండుసార్లు పాడవలసి వచ్చింది. అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో పాట మొత్తం 5 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1959 మేలో జరిగిన మొట్టమొదటి గ్రామీ ఉత్సవంలో ‘సంవత్సరపు రికార్డు’, ‘సంవత్సరపు పాట’ బహుమతులు రెండూ దీనికే దక్కాయి. ఇటాలియన్ తెలియని శ్రోతలు ఆ పాటను అంతగా ఎందుకు ఆదరించారు? సంపర్క తరగతిలోని విద్యార్థి లాగే వాళ్లూ గొంతును విన్నారు.

12.5 గెలుపు తరువాత: బలం, బలహీనత

1959లో ‘వాన పడుతోంది’ అనే అర్థం గల ‘ప్యోవె’తో ఆయన మళ్లీ సాన్‌రెమో గెలిచాడు. 1962లో క్లౌదియో విల్లాతో పంచుకున్న పాటతో, 1966లో జిల్యోలా చింక్వెత్తితో పంచుకున్న పాటతో మరో రెండుసార్లు గెలిచాడు. 1961లో ‘రినాల్దో ఇన్ కాంపో’ అనే సంగీత నాటకానికి స్వరాలు కూర్చి, అందులో కథానాయకుడిగా నటించాడు. 1973లో స్ట్రేలర్ దర్శకత్వంలో బ్రెహ్ట్ ‘మూడు పెన్నీల ఒపేరా’లో మెకీ పాత్ర ధరించాడు. అంటే నటన ఆయనకు యౌవనంలో విడిచిపెట్టిన కోరిక కాదు. చివరిదాకా ఆయన వృత్తిలో ఒక సగం.

ఓటములు కూడా చెప్పుకోవాలి. సాన్‌రెమోలో గెలిచిన 1966 పాటకు అదే సంవత్సరం యూరోవిజన్‌లో ఒక్క పాయింటు కూడా రాలేదు. 1968లో ‘మెరవిల్యోజో’ (అద్భుతం) అనే పాటను సాన్‌రెమో ఎంపిక సంఘం తిరస్కరించింది. చీకటి నీటి ఒడ్డున బతుకు మీద ఆశ వదులుకున్న మనిషికి ఎవరో ఒకరు వచ్చి ఎండనూ, సముద్రాన్నీ చూపించే పాట అది. 40 ఏళ్ల తరువాత, 2008లో, నెగ్రమారో అనే యువ బృందం దాన్ని పాడితే కొత్త తరం తమ పాటగా చేసుకుంది. పోటీల తీర్పు పాట విలువకు కొలత కాదనడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

ఇక బలహీనత. 1975లో వచ్చిన ‘టెలిఫోన్ ఏడుస్తోంది’ ఒక ఫ్రెంచి పాటకు ఇటాలియన్ రూపం. విడిపోయిన తండ్రి ఫోన్‌లో చిన్నపిల్లతో మాట్లాడతాడు. ఆ పిల్ల తన కూతురని అతనికి తెలుసు, అవతల ఉన్నది తండ్రి అని పిల్లకు తెలియదు. ఈ పాట విపరీతంగా అమ్ముడయింది. నా అభిప్రాయంలో ఇది ఆయన బలమే బలహీనతగా మారిన సందర్భం. ‘పాత కోటు’లో నటుడు తనను తాను అదుపులో పెట్టుకున్నాడు, దుఃఖం శ్రోతకు వదిలేశాడు. ఇక్కడ శ్రోత ఏడవకముందే గాయకుడు ఏడ్చేశాడు. రెండూ ఒకదాని వెంట ఒకటి విని మీ అభిప్రాయం ఏర్పరచుకోండి. నాతో ఏకీభవించకపోతే కారణాలు రాయండి. విమర్శ అంటే అదే.

12.6 ఈ పాటల కర్త ఎవరు?

1960 ప్రాంతంలో ఇటాలియన్‌లో ‘కాంతవుతోరె’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. తన పాట తానే కట్టుకుని పాడేవాడు అని అర్థం. జీనో పావొలి, లూయిజి తెంకో, ఫబ్రిత్సియో దె ఆంద్రె వంటివారికి ఈ పేరు స్థిరపడింది. వీరి మాటలను కవిత్వంగా చదివేవారు చాలామంది ఉన్నారు. మొదూన్యోను మాత్రం చాలామంది ఆ వరుసకు ముందు గదిలో కూర్చోబెడతారు. ద్వారం తెరిచినవాడే కాని లోపలివాడు కాదన్నట్టు.

దీనికి వారు చూపే కారణం తేలికగా కొట్టిపారేసేది కాదు. ఆయన ప్రసిద్ధ గీతాల మాటల్లో ఇతరుల చేయి ఉంది. ‘వొలారే’లో మిల్యాచ్చి, ‘ప్యోవె’లో దీనో వెర్దె, ‘మెరవిల్యోజో’లో రిక్కార్దో పజ్జాల్యా, 1970 నాటి ‘లా లొంతనాంజా’ (దూరం)లో ఎన్రీకా బొనక్కొర్తి. ‘మబ్బులంటే ఏమిటి’ అన్న పాట మాటలు దర్శకుడు, కవి పాసోలినివి. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లోని మాటల నుంచి ఏరి కూర్చినవి. ఆ లఘుచిత్రంలో మొదూన్యో చెత్త ఎత్తే మనిషి వేషంలో కనిపించి ఆ పాట పాడతాడు.

కర్తృత్వం అంటే మాటలు రాయడమే అనుకుంటే ఈ అభ్యంతరం నిలుస్తుంది. కాని ఈ రచయితలందరి శైలులూ వేరు. ఒకరు చిత్రకళాభిమాని, ఒకరు హాస్యరచయిత, ఒకరు మహాకవి. అయినా ఈ పాటలన్నీ ఒకే మనిషివని మొదటి వాక్యంలోనే చెవికి తెలుస్తుంది. మాట్లాడుతూ మొదలుపెట్టి, మాట తనను మోయలేనప్పుడు పాటలోకి దూకడం వీటన్నింటిలో ఉన్న కట్టడం. ఆ కట్టడం స్వరాల్లో ఉంది, స్వరాలు ఆయనవి. ఆ దూకుడు నటనలో ఉంది, నటన ఆయనది. కాబట్టి ఆయన పాటకు కర్త. ఆయన కర్తృత్వాన్ని కాగితం మీద వెతకడమే మన తప్పు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) ‘కాంతవుతోరె’ అంటే ఎవరు?
ఆ) మొదూన్యోను ఆ వరుసలో చేర్చడానికి ఉన్న అభ్యంతరం ఏమిటి?

12.7 దేహం సహకరించని కాలం

పాడే దేహమే ఈ కళాకారుడి సాధనం అని పైన చెప్పుకున్నాం. 1984లో ఒక టీవీ కార్యక్రమం తయారవుతున్న సమయంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క చచ్చుబడింది, మాట తడబడింది. చేతులు చాచి ప్రసిద్ధుడైన మనిషికి చేయి లేవని స్థితి వచ్చింది.

ఆయన కొన్నేళ్లు చికిత్సలో గడిపి ప్రజాజీవితంలోకి వచ్చాడు. 1987లో రాడికల్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికై వికలాంగుల హక్కుల కోసం పనిచేశాడు. సిసిలీలోని అగ్రిజెంతో మానసిక చికిత్సాలయంలో రోగులు దయనీయ స్థితిలో ఉన్న సంగతిని బయటపెట్టి పోరాడాడు, ఆ రోగుల కోసం పాడాడు. 1993 ఆగస్టులో పొలిన్యానోలో కచేరీ చేసి, సొంత ఊరి ప్రజలను క్షమాపణ అడిగాడు. సిసిలీ వేషం వేసినందుకు కలిగిన పాత నొప్పి అలా తీరింది. అదే సంవత్సరం కొడుకు మాస్సిమోతో కలిసి ‘డాల్ఫిన్లు’ అనే పాట రికార్డు చేశాడు. 1994 ఆగస్టు 6న లాంపెదూజా దీవిలో, సముద్రం ఎదుట ఉన్న తన ఇంట్లో మరణించాడు.

ఈ చివరి దశను జీవితచరిత్రకు వదిలి విమర్శలో పక్కన పెట్టవచ్చా? కూడదని నా అభిప్రాయం. ఆయన చివరి పాటల్లో గొంతు మునుపటిలా ఎగరదు. ఒక్కొక్క మాటా కూడదీసుకుని వస్తుంది. అయినా ఆ గొంతు ఎవరిదో వెంటనే గుర్తుపడతాం. పాట దేహంలో ఉంటుందన్న మాట ఆరోగ్యవంతమైన దేహానికే వర్తించదని ఆ రికార్డులు చెబుతాయి. పొలిన్యానోలో ఇప్పుడు సముద్రం పక్కన చేతులు చాచిన ఆయన విగ్రహం ఉంది. ఆ విగ్రహం 1958 నాటి మనిషిది. చదువరులుగా మనం 1954 నాటి మనిషినీ, 1993 నాటి మనిషినీ కూడా గుర్తుంచుకోవాలి.

12.8 సారాంశం

మొదూన్యో నటుడిగా శిక్షణ పొంది, దక్షిణ ఇటలీ మాండలికాల్లో కథాగీతాలు పాడి, ఆ విద్యను 1958లో జాతీయ వేదిక మీదికి తెచ్చాడు. ‘వొలారే’ అనుకోకుండా దొరికిన విజయం కాదు, అంతకుముందు చేసిన సాధనకు ఫలితం. మాటలు ఇతరులవైనా స్వరం, నటన ఆయనవి కాబట్టి ఆ పాటల కర్తగా ఆయన్ను గుర్తించాలి. నటనలో అదుపు ఉన్నచోట ఆయన పాట గొప్పది, అదుపు తప్పినచోట పలచనైంది. పాట విమర్శకు మొదటి మెట్టు వినడం. ఈ యూనిట్‌లో పేర్కొన్న పాటల్లో కనీసం మూడింటిని విన్న తరువాతే కింది ప్రశ్నలకు సమాధానాలు రాయండి. భాష తెలియదని వెనుకాడవద్దు.

12.9 ముఖ్య పదాలు

మాండలికం : ఒక ప్రాంతానికి పరిమితమైన భాషాభేదం.
కాంతవుతోరె : తన పాటను తానే కూర్చి పాడే కళాకారుడు.
కర్తృత్వం : ఒక కృతి ఎవరి సృష్టి అన్న విషయం.
సాన్‌రెమో : 1951 నుంచి ఇటలీలో పాటల పోటీ జరిగే పట్టణం.

12.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘వొలారే’ విజయానికి మొదూన్యో మాండలిక గీతాలు ఎలా పునాది వేశాయో వివరించండి.
2. పాటకు కర్త ఎవరు అన్న ప్రశ్నను మొదూన్యో ఉదాహరణతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘పాత కోటు’, ‘టెలిఫోన్ ఏడుస్తోంది’ పాటలను పోల్చండి.
2. 1950లలో ఇటలీ జనాదరణ పాట లక్షణాలను తెలపండి.
3. మీకు బాగా తెలిసిన ఒక పాటను మొదట చదివి, తరువాత విని, మీ అభిప్రాయంలో వచ్చిన మార్పును రాయండి.